తీర్పు చెప్పేవారు ముందు తమ సంగతి చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

విదేశీ పెట్టుబడుల తగాదాల మీద ఇటీవల మీరు రాసిన సంపాదకీయం రెండుసార్లు చదివాను. మన రాష్ట్రానికి పరిశ్రమలు రావాలంటే అంతర్జాతీయ మధ్యవర్తిత్వం, అంటే తగాదాను కోర్టుకు బదులు మధ్యవర్తుల ముందు పెట్టి తీర్పు చెప్పించుకోవడం, వేగంగా సాగాలని, కోర్టుల జోక్యం తగ్గాలని రాశారు. వేగం కావాలనడంలో నాకు భేదాభిప్రాయం లేదు. అయితే తీర్పు చెప్పడానికి కూర్చునే మనిషికి ఇరుపక్షాలతో పాత లావాదేవీలు ఉన్నాయా, ఉంటే ఎప్పుడు చెప్పాలి, చెప్పకపోతే ఏం చేయాలి అన్న ప్రశ్న అందులో ఎక్కడా లేదు. ఆ ప్రశ్న ఎంత పెద్దదో నాకు సొంత డబ్బు పోయాక తెలిసింది. అందుకే ఇంత పొడవైన ఉత్తరం రాస్తున్నాను.

నాది తాడిపత్రి. మా వారు పోయిన నాటి నుంచి, అంటే 14 ఏళ్లుగా, నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ నడుపుతున్నాను. నాలుగు కటింగ్ మిషన్లు, రెండు పాలిష్ మిషన్లు, 22 మంది పనివాళ్లు. గనుల నుంచి వచ్చిన బండను కోసి, అంచులు సరిచేసి, నునుపు చేసి పంపుతాం. చాలావరకు బెంగళూరు, చెన్నై వెళుతుంది. కొంత సరుకు ఓడ ఎక్కుతుంది. మన వంటిళ్లలో గట్టుగా వేసే నల్ల కడప బండనే విదేశాల్లో తోటల నడకదారుల్లో పరుచుకుంటారు.

2017లో యూరప్‌లోని ఒక కొనుగోలుదారుకు రెండు కంటైనర్లు చెన్నై రేవు నుంచి పంపాను. కొంత సొమ్ము ముందే వచ్చింది. మిగిలిన 31 లక్షల రూపాయలు సరుకు చేరాక ఇవ్వాలి. సరుకు చేరింది. డబ్బుకు బదులు ఫొటోలు వచ్చాయి. మందం సమంగా లేదని, బండల్లో తెల్లగీతలు ఉన్నాయని రాశారు. నాపరాయి భూమిలో పొరలు పొరలుగా ఏర్పడిన రాయి. గీతలు దానితోనే పుడతాయి. మందంలో రెండు మిల్లీమీటర్ల తేడా వరకు ఒప్పుకుంటామని ఒప్పందంలోనే ఉంది. లోడింగ్ రోజున మా మేస్త్రీ ప్రతి పెట్టెలోంచి పది బండలు తీసి కొలిచి రాసిన పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఒప్పందం చివరి పేజీలో 17వ షరతు. తగాదా వస్తే లండన్‌లో, ఒక వ్యాపార సంస్థ నియమాల కింద, ఒకే ఒక్క మధ్యవర్తి ముందు, కాగితాల మీదే విచారణ. సంతకం చేసేటప్పుడు ఆ షరతు చదివాను. చెన్నై నుంచి ఓడ పేరు, బ్యాంకు పేరు చదివినట్టే చదివాను. మధ్యవర్తిగా కొనుగోలుదారు ఒక పేరు సూచించారు. మాకు అక్కడ ఎవరూ తెలియరు కాబట్టి సరేనన్నాం. ఆయన పంపిన పత్రంలో, వెల్లడించవలసిన సంబంధాలేవీ లేవని ఒక వాక్యం ఉంది. దాని కింద సంతకం ఉంది.

ఫీజులు, అక్కడి లాయరు ఖర్చు కలిపి నాకు 11 లక్షలు అయింది. తీర్పులో 9 లక్షలు ఇప్పించారు. ఎవరి ఖర్చులు వారే భరించాలన్నారు. సరే, వ్యాపారంలో నష్టం వస్తుందనుకుని పనిలో పడ్డాను. ఎనిమిది నెలల తర్వాత బెంగళూరులో రాళ్ల ప్రదర్శనకు వెళితే, రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక వ్యాపారి మాటల్లో అదే కొనుగోలుదారు పేరు చెప్పాడు. తనకూ తగాదా వచ్చిందట. మధ్యవర్తి పేరు అడిగాను. అదే పేరు. తనకంటే ముందు ఇంకో వ్యాపారి తగాదాలోనూ ఆ కొనుగోలుదారు సూచించిన మధ్యవర్తి ఆయనేనట. నాది మూడోది.

ఎవరి నియమాల కింద విచారణ జరిగిందో ఆ లండన్ సంస్థకు ఉత్తరం రాశాను. గడువు దాటిపోయిందని మర్యాదగా జవాబు వచ్చింది. అక్కడి చట్టం ప్రకారం తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే 28 రోజుల్లోపు చేయాలి. నాకు విషయం తెలిసేసరికే ఎనిమిది నెలలు గడిచాయి. చెప్పని విషయాన్ని 28 రోజుల్లో ఎలా కనుక్కోవాలి?

ఒక మాట స్పష్టంగా చెబుతాను. ఆ మధ్యవర్తి లంచం తీసుకున్నారని నేను అనడం లేదు. ఆయన నిజాయితీగానే తీర్పు చెప్పి ఉండవచ్చు. నా బండల్లోనే లోపం ఉండి ఉండవచ్చు. ఆ కొనుగోలుదారు తనను అంతకుముందు రెండుసార్లు సూచించారని ముందే చెప్పి ఉంటే, నేను ఆలోచించుకుని అవుననో కాదనో అనేదాన్ని. అవునని ఓడిపోయినా ఆ తీర్పు నాదే అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకోలేకపోతున్నాను.

మా నాన్న పెన్న ఒడ్డున మా ఊళ్లో పెద్దమనిషి. చదువు అయిదో తరగతి. గట్టు తగాదాలు, పంపకాలు, ఆడపిల్లల కాపురాల గొడవలు మా ఇంటి అరుగు మీదికి వచ్చేవి. అరుగు లోపలి వైపు, తలుపు పక్కన కూర్చుని నేను వినేదాన్ని. ఒకసారి అన్నదమ్ములిద్దరు బావి నీళ్ల వంతు మీద వచ్చారు. అందరూ కూర్చున్నాక మా నాన్న లేచి నిలబడి, “ముందు ఒక సంగతి వినండి. పోయిన ఏడు పెద్దవాడి దగ్గర రెండు బస్తాల విత్తనకాయలు బదులు తెచ్చుకున్నాను. ఒక బస్తా తీర్చాను. ఇంకొకటి తీర్చాలి. చిన్నవాడు వద్దంటే నేను లేచిపోతాను” అన్నాడు. చిన్నవాడు కాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. తర్వాత, “చెప్పావు కదా మామా, కూర్చో” అన్నాడు. చివరికి తీర్పు పెద్దవాడి వైపే వచ్చింది. చిన్నవాడు ఒప్పుకుని వెళ్లాడు. ఆ తర్వాత కూడా మా ఇంటికి వచ్చేవాడు. తనకు అనుకూలంగా రాలేదని కక్ష పెట్టుకోలేదు. మా ప్రాంతంలో తీర్పు ఒప్పుకోకపోవడం వల్ల ఎన్ని ఇళ్లు తగలబడ్డాయో మీకు తెలుసు కాబట్టి ఈ సంగతి రాస్తున్నాను. ఆ విత్తనకాయల బస్తా మాటను ముందే బయటపెట్టకుండా, పంచాయితీ అయ్యాక తెలిసి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించగలను.

నా తగాదా ముగిశాక రాత్రుళ్లు కూర్చుని ఇలాంటి కేసుల గురించి చదవడం మొదలుపెట్టాను. మా నాన్నకు తెలిసిన సంగతి కోసం లండన్‌లో, వాషింగ్టన్‌లో ఏళ్ల తరబడి వాదించుకున్నారని అప్పుడు తెలిసింది.

పాత కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి ఎక్కడికి పోతుందో మన వాళ్లకు తెలుసు. దాన్ని పొడి చేసి బురదలో కలిపి, చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అణచడానికి వాడతారు. అలాంటి ఒక బావి 2010లో అమెరికా తీరంలో పేలిపోయింది. డీప్‌వాటర్ హొరైజన్ ప్రమాదం అంటారు. ఆ బావి పనుల్లో ఉన్న హాలిబర్టన్ కంపెనీకీ, బీమా ఇచ్చిన చబ్ కంపెనీకీ లండన్‌లో మధ్యవర్తిత్వం నడిచింది. అధ్యక్షుడిగా కూర్చున్న మధ్యవర్తి, అదే ప్రమాదానికి చెందిన ఇంకో తగాదాలో చబ్ తరఫున మధ్యవర్తిగా నియామకం ఒప్పుకున్నారు. హాలిబర్టన్‌కు చెప్పలేదు. 2020 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు, చెప్పడం ఆయన చట్టపరమైన బాధ్యత అని, ఆయన ఆ బాధ్యత తప్పారని తేల్చింది. అయినా అప్పటి పరిస్థితుల్లో పక్షపాతం ఉందని అనలేమని హాలిబర్టన్ అప్పీలును కొట్టేసింది. ఆ రెండో భాగం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మొదటి భాగాన్ని మాత్రం ఆ దేశం 2025లో తన మధ్యవర్తిత్వ చట్టంలోనే రాసుకుంది.

మన వైపు ఇంకా దగ్గరి ఉదాహరణ సూర్యకాంతి. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల వైపు వెళ్లినవారు 1000 మెగావాట్ల సోలార్ పార్కును చూసే ఉంటారు. ఇలాగే స్పెయిన్ కూడా సౌర విద్యుత్తుకు మంచి ధరలు ఇస్తామని పెట్టుబడులు పిలిచింది. ఆర్థిక సంక్షోభం వచ్చాక ఆ ధరల పద్ధతిని తీసేసింది. పెట్టుబడిదారులు వరుసగా కేసులు వేశారు. వాటిలో ఐజర్ అనే సంస్థకు 2017 మేలో 12.8 కోట్ల యూరోలు ఇవ్వాలని తీర్పు వచ్చింది. 2020 జూన్‌లో ఆ తీర్పు మొత్తం రద్దయింది. కారణం స్పెయిన్ చేసింది ఒప్పని కాదు. ఐజర్ నియమించిన మధ్యవర్తి, ఐజర్ తరఫున నష్టం లెక్కకట్టిన నిపుణుడి సంస్థతో వేరే కేసుల్లో న్యాయవాదిగా కలిసి పనిచేశారు. ఆ సంగతి చెప్పలేదు. ఒకచోట లాయరు, ఇంకోచోట తీర్పరి, రెండుచోట్లా అదే లెక్కల నిపుణుడు. ఏళ్ల శ్రమ, కోట్ల ఖర్చు ఆ ఒక్క మౌనంతో మట్టిలో కలిసింది. నష్టపోయింది దాచినవారు కాదు, ఆయన్ను నమ్మి నియమించుకున్నవారు.

ఇక నైజీరియా సంగతి. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2010లో పీ అండ్ ఐడీ అనే చిన్న కంపెనీ ఆ దేశంతో గ్యాస్ శుద్ధి ఒప్పందం చేసుకుంది. ప్రభుత్వం గ్యాస్ ఇవ్వాలి, కంపెనీ ప్లాంటు కట్టాలి. ప్రభుత్వం గ్యాస్ ఇవ్వలేదు, కంపెనీ ప్లాంటు కట్టలేదు. కంపెనీ లండన్‌లో మధ్యవర్తిత్వానికి వెళ్లింది. ఇరవై ఏళ్లలో రావలసిన లాభం పోయిందంది. 2017లో 660 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు. 7 శాతం వడ్డీ. 2023 నాటికి అది 1100 కోట్ల డాలర్లు దాటింది. కట్టని ప్లాంటుకు, అమ్మని గ్యాస్‌కు! అంత సొమ్ము ఆ దేశంలో ఎన్ని బళ్లకు, ఎన్ని ఆసుపత్రులకు సరిపోయేదో.

నైజీరియా ఆలస్యంగా మేల్కొంది. బ్యాంకు లెక్కలు తవ్వింది. 2023 అక్టోబరు 23న లండన్ హైకోర్టు న్యాయమూర్తి రాబిన్ నోల్స్ ఆ తీర్పు మోసంతో సంపాదించిందని తేల్చారు. ఒప్పందం నాటి నుంచే మంత్రిత్వశాఖలోని న్యాయాధికారిణికి కంపెనీ లంచాలు ఇచ్చింది. ఒప్పందం ఎలా కుదిరిందో చెబుతూ అబద్ధపు సాక్ష్యం పెట్టింది. నైజీరియా తన లాయర్లతో జరిపిన రహస్య ఉత్తర ప్రత్యుత్తరాల ప్రతులు విచారణ నడుస్తుండగానే కంపెనీ చేతికి చేరుతూ ఉన్నాయి. ముగ్గురు మధ్యవర్తులు కూర్చున్నా ఇందులో ఏదీ వారి కంటపడలేదు. నైజీరియా తరఫున వాదించాల్సినవారు సరిగ్గా వాదించలేదని కూడా న్యాయమూర్తి ఎత్తిచూపారు. ఆయన రాసిన ఇంకో సంగతి సంపాదకులుగా మీకు సంబంధించింది. విచారణ అంతా తలుపులు మూసుకుని జరగడం వల్ల ప్రజలకు గానీ పత్రికలకు గానీ లోపల ఏం జరుగుతోందో చూసే వీలు లేకపోయిందన్నారు.

ఇవన్నీ చదివి, ఈ మధ్యవర్తిత్వమే వద్దు, విదేశీయులంతా మోసగాళ్లు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మన వైపు తప్పులు నాకు తెలుసు. జార్ఖండ్‌లోని పిపర్వార్ బొగ్గు గని కేసు చూడండి. వైట్ ఇండస్ట్రీస్ అనే ఆస్ట్రేలియా కంపెనీ 2002లో కోల్ ఇండియా మీద మధ్యవర్తిత్వంలో గెలిచింది. ఆ తీర్పు అమలు కోసం మన కోర్టుల చుట్టూ తొమ్మిదేళ్లు తిరిగింది. చివరికి 2011లో ఇంకో మధ్యవర్తిత్వ మండలి, ఇంత జాప్యం రెండు దేశాల మధ్య ఉన్న పెట్టుబడుల ఒడంబడికకు విరుద్ధమని భారత ప్రభుత్వమే ఆ సొమ్ము చెల్లించాలంది. పాత తేదీ నుంచి వర్తించేలా 2012లో తెచ్చిన పన్ను సవరణ మీద వొడాఫోన్, కెయిర్న్ అనే విదేశీ కంపెనీలు వేసిన కేసుల్లో 2020లో మనం ఓడిపోయాం. ఆ రెండింటిలోనూ మన ప్రభుత్వం నియమించిన మధ్యవర్తి కూడా మనకు వ్యతిరేకంగానే ఓటు వేశారు. అది చదివినప్పుడు నాకు కోపం రాలేదు, గౌరవం కలిగింది. నియమించినవారి ముఖం చూసి తీర్పు చెప్పలేదు. 2021లో ప్రభుత్వం ఆ పన్నును వెనక్కి తీసుకుంది. మన రాష్ట్రంలోనూ 2019లో సౌర, పవన విద్యుత్ ఒప్పందాల ధరలను తిరగదోడాలని ప్రభుత్వం పూనుకుంటే, ఒప్పందంలో ఉన్న ధరలే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు చెప్పింది. సంతకం చేసిన మాట ప్రభుత్వానికైనా, నాకైనా, నా కొనుగోలుదారుకైనా ఒకటే.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. నా తగాదా లండన్‌లో కాకుండా మన దేశంలో, మన చట్టం కింద నడిచి ఉంటే ఆ మధ్యవర్తి చెప్పక తప్పేది కాదు. 2015లో మన మధ్యవర్తిత్వ చట్టానికి చేసిన సవరణలో అయిదో షెడ్యూలు అని ఒకటి చేర్చారు. గత మూడేళ్లలో ఒక పక్షం ఒకే మనిషిని రెండుసార్లు లేదా అంతకంటే ఎక్కువగా మధ్యవర్తిగా నియమించి ఉంటే, అది అనుమానించదగ్గ పరిస్థితి అని అందులో రాసి ఉంది. అచ్చంగా నా సంగతే. వెల్లడి పత్రం నమూనాను కూడా చట్టంలోనే ఇచ్చారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇంకో అడుగు ముందుకు వేసి, ప్రభుత్వ సంస్థలు తమ గుత్తేదారుల తగాదాలకు ఏకైక మధ్యవర్తిని తామే నియమించుకోవడం సమానత్వ హక్కుకు విరుద్ధమంది. ఇంత మంచి నియమం ఇంట్లో పెట్టుకుని, ఎగుమతి ఒప్పందాల్లో మాత్రం కొనుగోలుదారు అచ్చువేసి పంపిన కాగితం మీద కళ్లు మూసుకుని సంతకాలు చేస్తున్నాం. తాడిపత్రి, బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీలవాళ్లు, అనంతపురం నుంచి గల్ఫ్‌కు అరటి పంపే రైతు సంఘాలవాళ్లు ఒక్కసారి తమ ఒప్పందాల చివరి పేజీ తిప్పి చూడాలి. విచారణ ఏ ఊళ్లో జరుగుతుంది? మధ్యవర్తి పేరు ఎవరు చెబుతారు? మనం అభ్యంతరం చెప్పడానికి ఎన్ని రోజులు? డబ్బు లెక్కలు ఎంత శ్రద్ధగా చూస్తామో ఈ మూడూ అంత శ్రద్ధగా చూడాలి.

రాళ్ల ఎగుమతులను చూసే కేపెక్సిల్ మండలి ఒక నమూనా ఒప్పందాన్ని తెలుగులో, పదో తరగతి చదివినవారికి అర్థమయ్యే మాటల్లో ఇవ్వాలని అడుగుతున్నాను. హైదరాబాద్‌లో 2021 డిసెంబరులో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రం ప్రారంభమైంది. పది, ఇరవై లక్షల తగాదాలకు తక్కువ ఫీజుతో, వీడియోలో విచారణ జరిపే ఏర్పాటు అక్కడ ఉంటే మాలాంటివాళ్లు ఆ కేంద్రం పేరే ఒప్పందంలో రాయించుకుంటాం. ప్రభుత్వం పక్షంగా ఉన్న ప్రతి విదేశీ పెట్టుబడి కేసులోనూ మధ్యవర్తులు ఇచ్చిన వెల్లడి పత్రాలను, చివరి తీర్పును ప్రజల ముందు పెట్టాలి. ఓడితే కట్టేది మేమిచ్చిన పన్నులే. మీ పత్రిక కూడా ఇలాంటి తీర్పు వచ్చినప్పుడు ఎన్ని వేల కోట్లు అని మాత్రమే కాకుండా, ఎవరు కూర్చున్నారు, వారిని ఎవరు నియమించారు, వారేం వెల్లడించారు అన్నది రాయాలని నా విన్నపం.

ఇప్పుడు నేను పంపే ప్రతి ఒప్పందంలోనూ ఒక వాక్యం చేర్పిస్తున్నాను. మధ్యవర్తిగా వచ్చే వ్యక్తి ఇరుపక్షాలతో, వారి లాయర్లతో, నిపుణులతో గత అయిదేళ్లలో తనకున్న ప్రతి నియామకాన్ని, ప్రతి చెల్లింపును రాసి ఇవ్వాలి, దాచినట్టు తర్వాత తెలిస్తే ఆ తెలిసిన రోజు నుంచే గడువు లెక్కించాలి అని. లండన్‌లో ఆ రెండో ముక్క నిలుస్తుందో లేదో లాయర్లు చూసుకుంటారు. మొదటి ముక్క మాత్రం నేను వదలను. కిందటి నెల శ్రీలంక కొనుగోలుదారు ఒకరు ఆ వాక్యం చదివి, ఏమీ అనకుండా సంతకం చేశారు. యూరప్ నుంచి వచ్చిన ఇంకొకరు, ఆ వాక్యం తీసేస్తే తప్ప సరుకు తీసుకోబోమని చెప్పి వెళ్లిపోయారు. ఆయన కోసం కోసిన బండలు ఇంకా మా యార్డులోనే ఉన్నాయి.

ఇట్లు,
ఒక నాపరాళ్ల ఎగుమతిదారు,
తాడిపత్రి, అనంతపురం జిల్లా